మద్రాసులో మందు బిళ్ళలు, జార్ఖండ్‌లో బియ్యం సంచి

మా అమ్మమ్మ వాళ్ళింట్లో వంటింటి గూట్లో ఒక సత్తు గ్లాసు ఉండేది. అందులో ఎవరూ నీళ్ళు తాగేవాళ్ళు కాదు. చిన్నప్పుడు ఒకసారి దాన్ని తీసి బిందెలో ముంచబోతే అమ్మమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది. అది ఆవిడ మరిది గ్లాసట. చిన్న తాతయ్యకి కుర్రతనంలో క్షయ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో ఏడాదిన్నర ఉండి, బాగై తిరిగొచ్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు. ఆయన పోయాక కూడా గ్లాసు మాత్రం గూట్లోనే ఉండిపోయింది.

టీబీ గ్లాసుల వల్లా కంచాల వల్లా రాదు. రోగి దగ్గినప్పుడు గాల్లో కలిసే సన్నటి తుంపరల వల్ల వస్తుంది. ఈ సంగతి డాక్టర్లకి ఎప్పుడో తెలుసు. తేలనిది ఇంకోటి ఉండేది: మనిషిని ఇంట్లోంచి తీసుకుపోయి నెలల తరబడి ఊరికి దూరంగా ఉంచడం నిజంగా అవసరమేనా? దానికి గట్టి జవాబు మద్రాసులో దొరికింది.

ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. అప్పటికి టీబీ సూక్ష్మజీవిని చంపే మందు లేదు. మంచి గాలి, మంచం మీద విశ్రాంతి, పాలు, గుడ్లు... చికిత్సంటే అదే. కొందరికి సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బు పట్టిన ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేసేవాళ్ళు. దానికి విశ్రాంతి ఇస్తే పుండు మానుతుందని లెక్క. మన వికారాబాద్ అనంతగిరి కొండల్లోనూ ఇలాంటి శానటోరియమే ఉండేది. మంచం దొరకడమే గగనం. దొరికినా, సంపాదించే మనిషి ఏడాది పాటు మంచం మీద ఉంటే వెనక ఇల్లు గడిచేదెలా?

1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, దాని వెనకే పాస్ అనే మందు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఇది చవక బిళ్ళ, నోటితో మింగేది. మందే సూక్ష్మజీవిని చంపుతుంటే ఇక కొండగాలితో పనేమిటి అని కొందరికి అనుమానం వచ్చింది. అనుమానం ఉంటే చాలదు, తేల్చాలి.

1956లో మద్రాసులో టీబీ చికిత్సా పరిశోధనకే ఒక కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి కలిసి పెట్టిన కేంద్రం అది. మొదటి అయిదేళ్ళూ దాన్ని నడిపినాయన వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు. ఊపిరితిత్తుల టీబీ ఉన్న 193 మందిని తీసుకుని, కొందరిని శానటోరియానికి పంపారు, మిగతావాళ్ళని ఇంట్లోనే ఉంచారు. ఎవరు ఎటు వెళ్ళాలన్నది డాక్టర్ల ఇష్టానికి వదల్లేదు, చీటీలు తీసినట్టుగా పంచారు. ఇదే అసలు కిటుకు. లేకపోతే డాక్టరు మనసు ఊరుకోదు, జబ్బు ముదిరినవాణ్ణి శానటోరియానికి, కాస్త నయంగా ఉన్నవాణ్ణి ఇంటికి పంపేస్తుంది. అప్పుడు ఇంటి వైద్యమే మేలన్నట్టు తప్పుడు లెక్క తేలుతుంది.

రెండు జట్లకీ మందులు ఒకటే, ఐసోనియాజిడ్, పాస్, 12 నెలలు. మందు తప్ప మిగతాదంతా తేడాయే. శానటోరియంలో మంచం, విశ్రాంతి, నర్సులు, మంచి తిండి. ఇళ్ళ దగ్గర ఇరుకు గదులు, గది నిండా జనం, చాలీచాలని తిండి, కాస్త ఓపిక రాగానే పని.

ఈ పాస్ గురించి కొంచెం చెప్పాలి. ఇప్పటి టీబీ బిళ్ళలు చూసి అమ్మో అనుకునేవాళ్ళు దాన్ని చూసుంటే ఏమనేవాళ్ళో. రోజుకు సుమారు 10 గ్రాములు, అంటే మిల్లీగ్రాముల లెక్క కాదు, చెంచాల లెక్క. కడుపులో తిప్పుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, విరేచనాలవుతాయి. రెండు మూడు నెలలకి దగ్గు తగ్గి ఒంట్లో బాగుందనిపించాక దాన్ని ఎవరు మింగుతారు? కేంద్రం వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అందుకే చెప్పా పెట్టకుండా ఇళ్ళకి వెళ్ళి మిగిలిన మందు లెక్కపెట్టేవాళ్ళు, మూత్రం పరీక్ష చేసేవాళ్ళు. పాస్ మింగిన మనిషి మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే రంగు మారుతుంది. ‘వేసుకున్నానండీ’ అన్న మాటకి సాక్ష్యం ఆ సీసాలో కనబడేది.

1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాది తిరిగేసరికి శానటోరియం వాళ్ళలో 92 శాతం మందికి, ఇంటి దగ్గరున్నవాళ్ళలో 86 శాతం మందికి జబ్బు అణిగింది. రెండు వైపులా వంద మంది లోపే ఉన్నప్పుడు ఈపాటి తేడా కాకతాళీయంగానూ వస్తుంది. అయిదేళ్ళ పాటు వెంటబడి చూస్తే ఆ తేడా కూడా దాదాపు పోయింది.

దీనికంటే అందరూ భయపడింది ఇంకో విషయానికి. రోగిని ఇంట్లో ఉంచితే పెళ్ళాం బిడ్డలకి అంటుకోదా? ఆ కుటుంబాలనీ ఏళ్ళ తరబడి పరీక్షించారు. శానటోరియానికి పంపినవాళ్ళ ఇళ్ళల్లో కంటే వీళ్ళ ఇళ్ళల్లో జబ్బు ఎక్కువేమీ రాలేదు. ఎందుకంటే మందు మొదలయ్యాక రోగి కఫంలో సూక్ష్మజీవులు గబగబా పడిపోతాయి. అంటుకోవాల్సింది చాలావరకు ముందే, ఇంకా జబ్బు పేరు కూడా తెలియని ఆ దగ్గు నెలల్లోనే అంటుకుని ఉంటుంది. మా చిన్న తాతయ్య గ్లాసుని గూట్లో పెట్టే వేళకి అది ఎవరికీ ఏ హానీ చేయగలిగిన స్థితిలో లేదు. అసలు ముందూ లేదనుకోండి.

ఈ ఒక్క ప్రయోగం ప్రపంచమంతటా టీబీ వైద్యాన్ని మంచం మీంచి గుమ్మంలోకి తెచ్చింది. మన దేశంలో 1962లో మొదలైన జాతీయ కార్యక్రమం రోగి ఇంట్లో ఉండి మందులు వాడుకునే పద్ధతి మీదే నడిచింది. రోగి తనంతట తాను మందు వేసుకుంటాడన్న నమ్మకం లేదని ఫాక్స్‌కి మద్రాసులోనే తెలిసొచ్చింది. అందుకే ఎదురుగా కూర్చోబెట్టి మింగించే పద్ధతిని అక్కడే పరీక్షించారు. తర్వాత మనం డాట్స్ అని పిలిచినదానికి వేళ్ళు అక్కడున్నాయి. పాస్ పోయి రిఫాంపిసిన్ వచ్చాక ఏడాది పైన పట్టే కోర్సు 6 నెలలకి దిగింది. దానికి ఎవరూ చుక్కలు వేయనక్కర్లేదు, మూత్రం దానంతట అదే నారింజ రంగులోకి తిరుగుతుంది. ఈ మాట ముందుగా ఎవరూ చెప్పకపోతే, రక్తం పోతోందని హడలిపోయి మొదటి వారంలోనే మందు ఆపేసేవాళ్ళుంటారు.

అంతా బాగానే ఉంది కానీ, ఈ ప్రయోగం నుంచి జనం ఇంకో మాట కూడా ఏరుకున్నారు. ఇంటి దగ్గరున్నవాళ్ళు సరైన తిండి లేకుండానే బాగయ్యారు కదా, అంటే టీబీకి తిండితో పనిలేదన్నమాట! నా మటుకు నాకు ఇది ప్రయోగం తప్పు కాదు, చదివినవాళ్ళ తప్పు. మద్రాసు వాళ్ళు అడిగింది మందు ఇంటి దగ్గర పనిచేస్తుందా అని. అది చేస్తుందని తేలింది. అయితే శానటోరియం వాళ్ళు ఇంటివాళ్ళ కంటే చాలా ఎక్కువ బరువు పెరిగారన్న సంగతీ ఆ లెక్కల్లోనే ఉంది. సూక్ష్మజీవి చావడం వేరు, మనిషి కోలుకోవడం వేరు. పైగా చుట్టుపక్కలవాళ్ళకి జబ్బు రాకుండా చూసుకోవడం మూడో సంగతి. పేద దేశానికి చవకగా కనబడిన జవాబు దొరికింది, ఇక మిగతా ప్రశ్నలు అడగడం మానేశాం.

తిండి గురించిన ప్రశ్న గట్టిగా అడగడానికి 60 ఏళ్ళు పట్టింది. 2019లో జార్ఖండ్‌లో 4 జిల్లాల్లో ‘రేషన్స్’ అనే ప్రయోగం మొదలైంది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ దీన్ని ముందుండి నడిపారు. మద్రాసు కేంద్రం పేరు మారి ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధనా సంస్థ అయింది, ఆ సంస్థకీ ఇందులో చెయ్యి ఉంది. 2,800 మంది రోగులు, వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న 10,345 మంది. రోగులందరికీ నెలకి 10 కిలోల తిండి సంచి, విటమిన్లు ఇచ్చారు. జబ్బుతో ఉన్నవాడికి తిండి పెట్టకుండా ప్రయోగం చేయడం ధర్మం కాదు కాబట్టి అందులో చీటీలు తీయలేదు. ఇంట్లో మిగతావాళ్ళ విషయంలోనే తేడా చూపించారు. సగం చోట్ల తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు ఇచ్చారు, మిగతా చోట్ల ఇవ్వలేదు.

చేరినప్పుడు ఆ రోగుల సగటు బరువు 42.6 కిలోలు. పిల్లల బరువు కాదు, పెద్దవాళ్ళది. అయిదుగురిలో నలుగురు తిండి చాలక చిక్కిపోయినవాళ్ళే.

2023లో ఫలితాలొచ్చాయి. తిండి సంచి అందిన ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కఫం పరీక్షల్లో తేలే, ఇతరులకి అంటించే రకం అయితే 48 శాతం. ఈ శాతాలు చూసి మరీ పొంగిపోనక్కర్లేదు. మొత్తం మీద జబ్బు వచ్చినవాళ్ళు నూటికి ఇద్దరే, తగ్గింది ఆ ఇద్దరిలోనే. అయినా ఇంటింటికీ లెక్కేస్తే, కొత్త టీకా కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తున్న జబ్బుకి బియ్యం పప్పుతో ఇంత దొరకడం మాటలు కాదు. రోగుల సంగతి చూస్తే, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళలో చావు ముప్పు 61 శాతం తక్కువ కనబడింది.

ఇందులో మాయేమీ లేదు. టీబీ సూక్ష్మజీవి ఒంట్లో చేరినవాళ్ళందరికీ జబ్బు రాదు, చాలామందిలో అది ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. రక్షక కణాలు దాని చుట్టూ మూగి గోడ కడతాయి. ఆ గోడకి రోజూ కాపలా కావాలి, కాపలాకి తిండి కావాలి. మాంసకృత్తులు చాలకపోతే ఆ కణాలు నీరసిస్తాయి, గోడ కూలుతుంది.

టీబీ రోగి బ్యాంకు ఖాతాలో ప్రభుత్వం పోషణ కోసం నెలకి డబ్బులు వేస్తోంది. 2018లో 500 రూపాయలతో మొదలుపెట్టి, 2024 నవంబరులో 1,000 చేశారు. అది ఒక్క రోగి పేరున వస్తుంది. అన్నం కుండ మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే. వెయ్యి రూపాయలకి తెచ్చిన పప్పూ గుడ్లూ రోగి కంచంలోకే పోవాలా, పక్కన కూర్చున్న నాలుగేళ్ళ పిల్ల కంచంలోకి కూడానా అన్నది ప్రతి పూటా వడ్డించే మనిషే తేల్చుకుంటోంది.