రెండు చేతుల నిబంధన ఎక్కడి నుంచి వచ్చింది?

ఎంబీబీఎస్ చదవాలంటే రెండు చేతులూ ఏ లోపమూ లేకుండా ఉండాలన్న నిబంధన మన దేశంలో ఉండేది. దాని కథ చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1954 జనవరిలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన యువ డాక్టరు మేరీ వర్గీస్ ప్రయాణిస్తున్న వాహనం ప్రమాదానికి గురైంది. వెన్నెముక దెబ్బతిని ఆమె నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. కుష్ఠు రోగుల చేతులను సరిచేసే ఆపరేషన్లు చేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెకు ఒక దారి చూపారు. చేతి ఆపరేషన్ కూర్చుని చేసేది. రోగి చెయ్యి బల్ల మీద చాచి ఉంటుంది, సర్జన్ దాని మీదికి వంగి పని చేస్తారు. ఆ సర్జన్ స్టూలు మీద కూర్చున్నా, చక్రాల కుర్చీలో కూర్చున్నా రోగి వేళ్లకు తేడా ఏమీ ఉండదు. మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోనే థియేటర్‌లోకి వెళ్లి ముడుచుకుపోయిన వేళ్లను సరిచేశారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చారు, వేలూరులో ఆ విభాగానికి ప్రాణం పోశారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

బొంబాయిలో సురేశ్ అద్వానీది మరో దారి. ఎనిమిదేళ్ల వయసులో పోలియో వచ్చింది. చక్రాల కుర్చీలో ఉన్నవాడు డాక్టరు ఎలా అవుతాడంటూ మెడికల్ కాలేజీలో మొదట కాదన్నారు. ఆయన పట్టు వదలక సీటు సంపాదించారు. క్యాన్సర్ వైద్యుడై, 1983లో టాటా మెమోరియల్ ఆసుపత్రిలో దేశంలోనే తొలి ఎముక మజ్జ మార్పిడి చికిత్సల్లో ఒకటి చేశారు.

అంటే శరీరంలో లోపం ఉన్న మనిషి వైద్యం చేయగలరా అన్న ప్రశ్నకు మన దేశంలో ఎప్పుడో జవాబు దొరికింది. ఆ జవాబు నిబంధనల పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. అందుకే ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాతి భాగం. హక్కుల చట్టాలు వచ్చాక, వాటిని అమలు చేయాల్సిన నియమాలే తలుపులు మూశాయి.

1995 నాటి వికలాంగుల చట్టం విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించాలంది. వైద్య విద్యకు వచ్చేసరికి, ఆ చదువుకు నియమాలు పెట్టే మెడికల్ కౌన్సిల్ ఆ 3 శాతాన్ని కాళ్ల వైకల్యానికే, అదీ ముఖ్యంగా 50 నుంచి 70 శాతం మధ్య ఉన్నవారికే పరిమితం చేసింది. చూపు తక్కువైనవారు, వినికిడి లోపం ఉన్నవారు, చేతికి లోపం ఉన్నవారు లెక్కలోకే రాలేదు. 2007లో భారత్ ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి, ఉన్నత విద్యలో రిజర్వేషన్ 5 శాతమైంది.

చట్టం ఇంత విస్తరించాక కౌన్సిల్ 2019లో కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. ఎంబీబీఎస్ చదవాలంటే రెండు చేతులూ ఏ లోపమూ లేకుండా ఉండాలని, స్పర్శ, తగినంత బలం, కదలిక తప్పనిసరని అందులో రాసింది. చేతుల విషయం అలా ఉంటే చూపు, వినికిడి విషయంలో ఇంకో చిక్కు పెట్టింది. రిజర్వేషన్ కావాలంటే 40 శాతం వైకల్యం ఉండాలి. చదవాలంటే పరికరాల సాయంతో అది 40 శాతం కన్నా తగ్గాలంది. ఒకే పిల్లవాడు ఒకే వైద్యుల బోర్డు ముందు రెండూ రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో వైకల్యం ఉన్న పిల్లల ఇంట్లో అందరికీ తెలిసిన మాట సదరం. శిబిరానికి తీసుకెళ్లి, వరుసలో నిలబెట్టి, పరీక్ష చేయించి తెచ్చుకున్న ఆ వైకల్య ధ్రువపత్రం, సదరం సర్టిఫికెట్, పింఛనుకు, బస్సు పాసుకు పనికొస్తుంది. నీట్‌లో వికలాంగుల కోటాకు అది చాలదు. అందుకు ప్రత్యేకంగా గుర్తించిన కేంద్రం నుంచే పత్రం తేవాలి. అలా గుర్తించినవాటిలో చెన్నైలోని మద్రాసు మెడికల్ కాలేజీ ఒకటి. ఆ పత్రంలో చాలాకాలం ఉన్నవి ఒక శాతం అంకె, అర్హుడు లేదా అనర్హుడు అన్న ఒక్క మాట. పిల్లవాడు ఏం చేయగలడో చెప్పే వాక్యం అందులో కనిపించేది కాదు.

కోర్టులు మొదట్లో ఒకే దారిలో నడవలేదు. 2018లో చూపు తక్కువైన విద్యార్థి పక్షాన నిలిచిన సుప్రీంకోర్టు, 2019లో మరో కేసులో అనర్హత అన్న వైద్య నిపుణుల మాటనే ఖాయం చేసింది. 2021 ఫిబ్రవరిలో, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థికి లేఖకుడిని ఇవ్వాలంటూ జస్టిస్ చంద్రచూడ్ ఇచ్చిన తీర్పు గాలి మార్చింది. మనిషికి తగ్గట్టు ఏర్పాట్లు చేయడం దయ కాదని, హక్కని అది చెప్పింది.

వైద్య విద్యలో అసలు మలుపు 2024 అక్టోబరు 15న వచ్చింది. మాట్లాడటంలో ఇబ్బంది ఉన్న విద్యార్థి కేసులో, వైకల్యం శాతం చూసి మాత్రమే అనర్హుడనకూడదని, ఆ కోర్సు చదవగలడో లేదో బోర్డు పరీక్షించి కారణాలు రాయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పులో ఒక తెలుగువాడి పేరు ఉంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్. పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకు వెళ్లి గెలిచినవాడు. మెడిసిన్ కాలేజీ గేటు దాకా వెళ్లకముందే ఇంటర్ బైపీసీ దగ్గరే ఎంతమంది ఆగిపోతున్నారో ఆలోచించాలంటే ఆయన పోరాటం గుర్తుచేసుకోవాలి.

చేతి వేళ్లకు లోపం ఉన్న ఒక విద్యార్థి కేసులో 2025 ఫిబ్రవరి 21 నాటి తీర్పు నేరుగా రెండు చేతుల నిబంధన మీదికి వచ్చింది. సుప్రీంకోర్టు సూచనపై ఎయిమ్స్‌లో ఆరుగురి కమిటీ అతన్ని పరీక్షించింది. ఐదుగురు కుదరదన్నారు. ఆరో వ్యక్తి డాక్టర్ సతేంద్ర సింగ్ ఢిల్లీలో ఫిజియాలజీ బోధకుడు, పసితనంలో పోలియో బారిన పడినవాడు, ఈ నియమాల మీద ఏళ్ల తరబడి పోరాడుతున్నవాడు. ఏ పనికి ఏ పరికరం, ఏ సర్దుబాటు ఉంటే ఈ విద్యార్థి చదవగలడో ఆయన విడిగా నివేదిక రాశారు. కోర్టు ఆ నివేదికనే స్వీకరించింది. ఆ నిబంధన వైకల్యం ఉన్నవారిని తక్కువగా చూసే ధోరణి నుంచి పుట్టిందని, చట్టబద్ధమైన నియమావళిలో దానికి చోటు లేదని తేల్చింది. మే 2న రెండు చేతులకూ పుట్టుకతోనే కొన్ని వేళ్లు లేని మరో విద్యార్థికి ఢిల్లీ ఎయిమ్స్‌లో సీటు ఇవ్వాలని ఆదేశించింది. ఢిల్లీ దాకా కొట్లాడగలిగినవారి కథలు ఇవి. మొదటి పత్రంలోనే అనర్హుడన్న మాట చదివి ఇంటికి వెళ్లిపోయినవారి లెక్క ఎవరి దగ్గరా లేదు.

మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2025 జూలైలో తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. అభ్యర్థి తానేం చేయగలడో ప్రమాణపత్రం రాసివ్వాలంది. అయితే బరువు మోపి నిలబడగలరా, మెట్లు ఎక్కి దిగగలరా లాంటి ప్రశ్నలు అందులో ఇంకా ఉన్నాయి. వాటికి మేరీ వర్గీస్ కూడా లేదనే రాయాల్సి వచ్చేది. నర్సింగ్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. అక్కడ కోటా ఏళ్లుగా 40 నుంచి 50 శాతం కాళ్ల వైకల్యం దగ్గరే ఆగిపోయింది. రోజంతా మంచాల మధ్య తిరగాల్సిన ఉద్యోగానికి కాళ్ల లోపం అడ్డు కాదన్నప్పుడు వినికిడి లోపం ఎందుకు అడ్డయిందో ఎవరూ వివరించలేదు.

2024 అక్టోబరు 25న కండరాల క్షీణత ఉన్న విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు మరో మాట కూడా చెప్పింది. వైకల్యం ఉన్న విద్యార్థులకు సాయపడే విభాగం కాలేజీల్లో ఉండాలని, ఏ కాలేజీలో ఏ వసతి ఉందో అభ్యర్థులకు ముందే తెలియాలని. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజున చక్రాల కుర్చీలో కూర్చున్న అమ్మాయికి మొదట కావలసిన సమాచారం అది. అనాటమీ హాలు ఏ అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేస్తుందా, హాస్టల్ బాత్రూం తలుపులో కుర్చీ పడుతుందా.