అనంతగిరిలో విడిపోయి వాడపల్లిలో కలిసే నీళ్లు

"వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పుకు పోతుంది, ఆ గుట్టల్లోనే పుట్టిన కాగ్నా పడమరకు ఎందుకు పోతుంది సార్?" అని తాండూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు. దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉంటుందని బడిలో అందరం బట్టీ పట్టినవాళ్లమే. తప్పేం లేదు. మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణకు అరేబియా సముద్రం 64 కిలోమీటర్లే. అయినా దాన్ని వదిలేసి 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతం చేరుతుంది. కానీ ఆ వాలు సగటు లెక్క. నీటికి సగటుతో పనిలేదు, పక్కనే పల్లం ఎటుంటే అటు దిగుతుంది.

అనంతగిరి గుట్టలు పెంకుటింటి కొప్పు లాంటివి. ఇటువైపు పడ్డ చినుకు మూసీలో చేరి హైదరాబాద్ మీదుగా నల్లగొండకు వస్తుంది. అటువైపు పడ్డది కాగ్నాలో తాండూరు మీదుగా కర్ణాటకకు పోయి భీమా నదిలో కలిసి, దానితోపాటు తంగడి దగ్గర కృష్ణలో చేరుతుంది. ఆ తర్వాత దాని దారి మనం రోజూ పేపర్లో చదివేదే. నిండితే జూరాల 1,045 అడుగులు, శ్రీశైలం 885, సాగర్ 590. ఇవి డ్యాముల ఎత్తులు కావు, సముద్ర మట్టం నుంచి లెక్క. అంటే మెట్లు మెట్లుగా దిగే వాలు ఆ అంకెల్లోనే ఉంది. సాగర్ దాటాక, మిర్యాలగూడ అవతల వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. కొప్పు మీద విడిపోయిన రెండు చినుకులూ అక్కడ ఒక్కటవుతాయి. మూసీ నడిచేది దాదాపు 240 కిలోమీటర్లు, కాగ్నా చినుకు తిరిగేది అంతకు రెట్టింపు పైనే.

పెంకుటింటి కొప్పు కదలదు, ఈ కొప్పు కదులుతుంది. వాగు పుట్టిన చోట నేలను కోసుకుంటూ వెనక్కి పాకుతుంది. ఏ పక్క వాలు ఎక్కువైతే ఆ పక్క కోత ఎక్కువ, కొప్పు రెండో పక్కకు జరుగుతుంది. లక్షల ఏళ్లలో ఒక వాగు అవతలి వాగు తలను కోసి దాని నీళ్లను లాగేసుకోవడం కూడా జరుగుతుంది.

ఇక నల్లగొండ, పాలమూరు నేల సంగతి వేరు. అడుగున 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, దాని నిండా తిన్నని పగుళ్లు. పగులులో నీరు నిలిస్తే రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెత్తబడి బంకమన్ను అవుతుంది, మిగతాది మొరంగా రాలుతుంది. వాగుకు అదే తేలికైన దారి. అందుకే మన వాగులు కొంతదూరం గీత గీసినట్టు పోయి, ఉన్నట్టుండి మూల తిరుగుతాయి. కొన్నిచోట్ల ఆ పగుళ్లలోకి కింద నుంచి కరిగిన రాయి (మాగ్మా) ఎక్కి డోలరైటు అనే నల్లరాయిగా గట్టిపడింది. చుట్టూ గ్రానైటు అరిగిపోయినా, అది నల్లబండల వరసగా చేలకు అడ్డంగా నిలబడి ఉంటుంది. వాగు దాన్ని ఆనుకుని పోయి, సందు దొరికిన చోట దాటుతుంది. అలాంటి సందు చెరువు కట్టకు మంచి చోటు, రెండు కొసలకూ గట్టి రాయి ఉంటుంది.

అలంపురం దగ్గర తుంగభద్ర ఉత్తరవాహిని, మహా పుణ్యం అంటారు. స్నానం చేయండి, కాదనను. తూర్పుకు పోవాల్సిన నది ఉత్తరానికి తిరిగిందంటే కింద రాయి ఎలా ఉందో కూడా ఓసారి చూడండి.

ఆ డోలరైటు నల్లబండలు భూమి లోపలి నీటికీ అడ్డమే. బోరు వేసే ముందు కొబ్బరికాయ పట్టుకుని చేలో తిరిగేవాళ్లకు డబ్బులిస్తాం. బండల వరసకు ఎగువన వేసిన బోరులో నీళ్లుండి, నాలుగు అడుగులు దాటి దిగువన వేసినది ఎండిపోతే, ఆ కాయను అడిగి లాభం లేదు.