మందలో తలలు కాదు, పొట్టేళ్లను లెక్కపెట్టండి: అపోహలు - వాస్తవాలు

దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా కాపర్లు చెప్పే మాట ఒకటే: "టీకా ఏసినంక పిల్లలు ఈసమంత పుడుతున్నయ్, వారంల సస్తున్నయ్ సారూ." మంద మొత్తం ఒకేసారి ఈసుకుపోతే (కడుపు జారితే) అది రోగం, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఒక్క పొట్టేలు పిల్లలే బరువు తక్కువగా పుట్టడం, కింది దవడ పొట్టిగా ఉండటం, మగపిల్లకు ఒక వట్ట దిగకపోవడం కనిపిస్తే ముందు దగ్గరి రక్తాన్ని, అంటే తండ్రీకూతుళ్ల లాంటి దగ్గరి చుట్టాల మధ్య కలయికను అనుమానించాలి. టీకా మీద నెట్టకండి.

అపోహ: వంద తలల మంద, రక్తం ఎట్ల దగ్గరవుతుంది?

అవుతుంది. ప్రతి పిల్లలో సగం పొట్టేలిదే. జన్యువుల లెక్కలో మీ మంద ఎంతదో తెలియాలంటే, ఆడవాటి సంఖ్యను మగవాటి సంఖ్యతో హెచ్చించి, నాలుగుతో మళ్లీ హెచ్చించి, మొత్తం తలలతో భాగించండి. తెలంగాణలో 2017లో మొదలైన సర్కారు గొర్రెల పంపిణీ యూనిట్‌నే తీసుకోండి: 20 గొర్రెలు, 1 పొట్టేలు. లెక్క 3.8. అంటే 21 తలలు జన్యువుల లెక్కలో నాలుగు తలల పాటి. ఇంకో 20 గొర్రెలు కొన్నా 3.9 దాటదు. అదే 20 గొర్రెల్లోకి ఇంకొక్క పొట్టేలు తెస్తే 7.3.

పొట్టేలు దిగిన ఐదు నెలలకు పిల్లలు, ఏడాదికి ఆ ఆడపిల్లలు ఎదకు వస్తాయి. అంటే పద్దెనిమిదో నెలకల్లా తండ్రి కూతుళ్లను దాటుతున్నాడు. ఆ కలయికలో పుట్టిన పిల్లకు ఏ జన్యువైనా రెండు వైపులా ఒకే నకలు చేరే అవకాశం 25 శాతం. అందుకే ఏడాదిన్నరకు పొట్టేలు మారాలి, రెండేళ్లు దాటొద్దు. మగపిల్లలను ఆరు నెలలు నిండకముందే వేరు చేయండి, లేదా బర్డిజో (వట్టలు నొక్కే పట్టకారు) కొట్టించండి.

మార్చేటప్పుడు జరిగే పొరపాటు: అన్నదమ్ములు తండ్రి మందను పంచుకుని, ఆ రెండు మందల మధ్యే పొట్టేళ్లు మార్చుకుంటారు. చెయ్యి మారింది, రక్తం మారలేదు. ఇంకోటి, బాగా ఎదిగిన మగపిల్లలన్నీ సంతకు, మిగిలిన బక్కది విత్తనానికి!

రెండు పొట్టేళ్లుంటే ఒకదాని రొమ్ముకు జాజు, ఇంకోదానికి వేరే రంగు నూనెలో కలిపి పూయండి. దాటిన గొర్రె నడుం మీద గుర్తు పడుతుంది, ఏ పిల్ల ఎవరిదో తెలుస్తుంది.

అపోహ: మంచి పొట్టేలును కూతుళ్లకే కలిపితే జాతి నిలుస్తుంది.

అమెరికాలో మైల్స్ సిటీ పరిశోధన కేంద్రం 1934 నుంచి లైన్-1 హియర్‌ఫర్డ్ మాంసపు పశువులను బయటి రక్తం లేకుండానే పెంచుతోంది నిజమే. అక్కడ వంశం, బరువు రాసి ఏరుతారు. మన దగ్గర పుట్టిన తేదీ రాసేవాళ్లే తక్కువ.

అపోహ: నెల్లూరు పొట్టేలు తెస్తే అన్నీ సరి.

ఉన్ని ఇచ్చే దక్కనీ జాతి మందలో మూడు తరాలు వరుసగా, ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేలును దాటిస్తే మిగిలే దక్కనీ రక్తం ఎనిమిదో వంతు. గొంగడికి ఉన్ని కావాలంటే ఆ దారి వద్దు.

మంద మొత్తం అమ్మెయ్యాలా అని భయపడేవాళ్లకు: అక్కర్లేదు. దగ్గరి రక్తపు గొర్రెనైనా సంబంధంలేని పొట్టేలు దాటితే, పుట్టే పిల్లకు ఆ దోషం సున్నా. సంబంధంలేని మందలో వయసుకు రెండు పళ్లదో నాలుగు పళ్లదో, రెండు వట్టలూ సమంగా ఉన్నదాన్ని చూడండి. దాటడానికైతే 20-25 గొర్రెలకు ఒకటి చాలు. తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టేసి, నట్టల మందు తాగించి, పీపీఆర్ (గొర్రెల, మేకల ప్లేగు) టీకా పడిందో లేదో చూసుకుని మందలోకి వదలండి.