ఇంటి భాష మానేసినంత మాత్రాన మాటలు రావు: పిల్లల మాటల చుట్టూ కొన్ని అపోహలు, వాస్తవాలు

రెండేళ్లు దాటినా బాబుకి మాటలు రాలేదని వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది నేనేమీ అడక్కముందే చెప్పేస్తారు, "ఇంట్లో మా భాష మానేశామండీ, ఇప్పుడంతా ఇంగ్లిషే" అని. ఎవరు మానమన్నారంటే పక్కింటివాళ్లో, టీచరో, ఒక్కోసారి డాక్టరో. స్పీచ్ థెరపిస్టుగా నాకు ఎక్కువ తలనొప్పి తెప్పించేది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: రెండు భాషలు వింటే పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు, అందుకే మాటలు ఆలస్యం.

వాస్తవం: అవ్వరు. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు ప్రపంచంలో కోట్లమంది, వాళ్లకీ ఏడాది అటూఇటూగానే తొలి మాట వస్తుంది, రెండేళ్లకల్లా రెండేసి మాటలు కలుపుతారు. ఒక్క భాషలో వచ్చిన మాటలే లెక్కపెడితే తక్కువగా కనిపిస్తాయి, రెండిట్లోవీ కలిపి చూడాలి. వాక్యం మధ్యలో భాష మార్చేస్తున్నాడని కూడా కంగారు పడతారు, మరి పెద్దవాళ్లం మనం రోజంతా చేసేదేమిటి? డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా రెండో భాష వల్ల అదనపు నష్టం పరిశోధనల్లో కనబడలేదు.

ఇంటి భాష ఆపేశాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు. అమ్మానాన్నలకి ధారాళంగా వచ్చిన భాషలోని కబుర్లు, కోపాలు, వేళాకోళాలు అన్నీ పోయి "కమ్ హియర్, సిట్ డౌన్, డోంట్ టచ్" మిగులుతాయి. బామ్మకి ఇంగ్లిష్ రాదు కాబట్టి ఆవిడ నోరు మూసుకుంటుంది. అసలే మాటలు రాని పిల్లవాడికి వినే మాటలు కూడా సగమైపోతాయి, దీన్ని వైద్యమనుకుంటారు!

అంతకంటే పెద్ద నష్టం కాలం. తప్పు భాషల మీదకి తోసేస్తే అసలు కారణం వెతికేవాళ్లుండరు. ఒక పాప విషయంలో ఇంట్లో భాష మార్చారు, స్కూలు మార్చారు, ఇంకాస్త ఆగి చూద్దామనుకున్నారు. తీరా చూస్తే ఆ పాపకి మధ్య చెవిలో నీరు నిలిచి సరిగ్గా వినిపించట్లేదు. వెనక నుంచి పిలిస్తే తిరగట్లేదని అమ్మమ్మ మొదటే గమనించి చెప్పిందట, ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఈఎన్‌టీ డాక్టర్ చెవి సంగతి చూశాక కూడా పోయిన నెలల్ని పూడ్చడానికి మాకు చాలా పని పట్టింది. ఆ తల్లి ఏడుస్తుంటే నాకు ఆవిడ మీద కాదు, ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద కోపం వచ్చింది. పుట్టే ప్రతి 1000 మందిలో ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతోనే వినికిడి లోపం ఉంటుంది, కొందరికి తర్వాత వస్తుంది. మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. చప్పట్లు కొడితే ఉలిక్కిపడ్డాడన్నది పరీక్ష కిందికి రాదు.

అపోహ: బిడ్డతో మాట్లాడటానికి ఒకటే సరైన పద్ధతి ఉంది, అలా మాట్లాడకపోతే వెనకబడతాడు.

వాస్తవం: ఈ టెన్షన్‌తో నిద్రపోని తల్లులున్నారు. పాపువా న్యూ గినీలో కలూలీ తెగ తల్లులు పసిబిడ్డతో ఎదురెదురుగా కబుర్లాడరు, బిడ్డను బయటివైపు తిప్పి పట్టుకుని బిడ్డ తరఫున తామే సన్నని గొంతుతో మాట్లాడతారు. సమోవాలోనూ చంటిపిల్లలతో ముద్దు మాటలు తక్కువని మానవశాస్త్రవేత్త ఎలినార్ ఓక్స్ రాసింది. మెక్సికోలో సెల్టాల్ మాయన్ పల్లెలో పిల్లలని ఉద్దేశించి మాట్లాడే మాటలు సగటున గంటకు 4 నిమిషాలకు మించలేదని 2020లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది, అయినా వాళ్ల మాటల మైలురాళ్లు వేళకే వచ్చాయి. చుట్టూ జరిగే సంభాషణల్లో బిడ్డ ఉంటాడు కదా. అలాగని మీరు మాట్లాడటం మానేయమని కాదు, "నేను సరిగ్గా మాట్లాడానా" అని లెక్కలేసుకోవడం మానేయండి.

పసివాళ్ల చెవి ఎంత చురుకైనదో చూడండి. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని 6–8 నెలల పిల్లలు హిందీలోని త, ట తేడా పట్టేస్తారు, పెద్దయ్యాక మాత్రం చాలామంది తడబడతారు. ఏడాది దగ్గర పడేసరికి ఆ సామర్థ్యం తగ్గిపోతుందని జానెట్ వెర్కర్ బృందం 1984లోనే చూపించింది. చుట్టూ వినిపించే భాషకు చెవి అలా అలవాటు పడిపోతుంది, ఇంటి భాష మానేద్దామనే ముందు ఇదొకసారి గుర్తు చేసుకోండి.

మిగతావి గబగబా. మగపిల్లలు కొంచెం ఆలస్యం, నిజమే, కానీ తేడా స్వల్పం, రెండున్నరేళ్లదాకా కళ్లు మూసుకోవడానికి అది సాకు కాదు. నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయట: ఆ పొర వల్ల కొన్ని శబ్దాల ఉచ్చారణ తేడా రావచ్చేమో, మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. ఫోన్‌లో రైమ్స్ చూసి నేర్చుకుంటాడు: 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకు మాండరిన్ వినిపిస్తే, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు శబ్దాలు పట్టారు, అదే టీవీలో చూపిస్తే పట్టలేదు.

డాక్టర్ దగ్గరికో స్పీచ్ థెరపిస్టు దగ్గరికో ఎప్పుడు వెళ్లాలంటే: 12 నెలలకు బబబ, దదద లాంటి ముద్దు శబ్దాలు, వేలితో చూపించడం లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటా లేకపోతే, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోతే. ఇవన్నీ ఏ భాషలో అయినా సరే, కలగాపులగంగా అయినా సరే. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతుంటే మాత్రం అవేమీ చూడకుండా ఆ వారమే వెళ్లండి.