లక్ష మంది ఆడే గేమ్‌లో పది మంది దొరకరెందుకు?

పెబ్బేరు సంత వారానికి ఒక్క రోజే. ఆ రోజు ఎడ్లు, గొర్లు, కొనేటోళ్లు, అమ్మేటోళ్లు, దళారులతో అడుగు పెట్ట సందుండదు. మర్నాడు అదే మైదానానికి వెళ్తే పాతిన గుంజలు, పేడ తప్ప ఏమీ కనబడవు. చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్లున్న రైతులు రాత్రికి రాత్రి తగ్గిపోలేదు. అందరూ ఒకే పూట, ఒకే చోటికి రావడం ఆగిందంతే. అదే జనం ఏడు రోజులకూ సమానంగా విడిపోయి వస్తే ఏ రోజూ అంగడి నిండదు. ఎడమ ఎద్దు తెచ్చినవాడికి దానికి సరిపడే కుడి ఎద్దు దొరకదు, రెండు వారాలు చూసి రావడం మానేస్తాడు.

ఆన్‌లైన్ గేముల్లో జరిగేది అచ్చంగా ఇదే. మధ్యాహ్నం రెండింటికి మిర్యాలగూడలోనో వనపర్తిలోనో ఒక కుర్రాడు స్టార్ట్ నొక్కి, మూడు నిమిషాలు తిరిగే చక్రాన్ని చూసి, "ఈ గేమ్ ఎవ్వరు ఆడ్తలేరన్నా" అని ఫోన్ పక్కన పడేస్తాడు. గేమ్ ప్రకటనలోనేమో లక్షల మంది ఆడుతున్నారని ఉంటుంది. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. మధ్యలో ఉన్నదల్లా భాగహారం.

ఆ భాగహారాన్ని ఒకసారి చేసి చూద్దాం. రోజుకు లక్ష మంది ఆడే గేమ్ ఒకటి ఉందనుకోండి. ఒక్కొక్కరు సగటున గంటసేపు ఆడతారు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది: ఒక చోట ఎప్పుడు చూసినా ఉండే సగటు జనం, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు ఉండే సమయంతో గుణిస్తే వచ్చినంత. టిఫిన్ సెంటర్‌కు గంటకు 60 మంది వచ్చి తలా పావుగంట కూర్చుంటే లోపల ఎప్పుడూ సగటున 15 మంది ఉంటారు. మన గేమ్‌కు లెక్క కడితే, లక్షను 24తో భాగిస్తే, ఏ క్షణాన చూసినా ఆన్‌లైన్‌లో ఉండేది దాదాపు 4,170 మంది. లక్ష అక్కడే నాలుగు వేలయింది.

ఆ నాలుగు వేలల్లో దాదాపు అందరూ మ్యాచ్ మధ్యలో ఉన్నవాళ్లే. మీతో ఆడటానికి ఖాళీగా ఉన్నది ఈ నిమిషం స్టార్ట్ నొక్కినవాళ్లు మాత్రమే. ఒక మ్యాచ్ 25 నిమిషాలు పడుతుందనుకుంటే నిమిషానికి 167 మంది నొక్కుతారు. గేమ్‌లో నాలుగు మ్యాపులు (ఆట జరిగే చోట్లు), రెండు కెమెరా కోణాలు, ఒంటరి, ఇద్దరు, నలుగురు అని మూడు జట్టు పద్ధతులు ఉన్నాయి. నాలుగును రెండుతో, దాన్ని మూడుతో గుణిస్తే ఆటగాళ్లు వేచి ఉండే 24 వేర్వేరు వరుసలు. జనం సమానంగా విడిపోతే ఒక్కో వరుసకు నిమిషానికి ఏడుగురు. వాళ్లను మళ్లీ ఆరు ర్యాంకులుగా విడదీస్తే నిమిషానికి ఒక్కరికి కొంచెం ఎక్కువ, 1.16. వంద మందితో మొదలయ్యే మ్యాచ్ ఆ వేగంతో నిండాలంటే 86 నిమిషాలు పడుతుంది!

లక్ష మంది ఆడుతున్న గేమే ఇది. అందుకే ఇలాంటి గేములు తక్కువ ర్యాంకుల్లో ఖాళీ చోట్లను బాట్లతో, అంటే కంప్యూటర్ నడిపే బొమ్మలతో నింపుతాయి. ఎదురుగా పరుగెత్తేవాడు కాల్చినా గోడ చాటుకు పోకుండా నిలబడితే అది బాట్ అని ఆడేవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, "మనుషులే లేరు" అనే అనుమానం అక్కడ ఇంకాస్త ముదురుతుంది. అదే 1.16 వేగం చదరంగానికి బాగా సరిపోతుంది. అక్కడ ఇద్దరు చాలు, రెండు నిమిషాల్లోపే ఆట మొదలవుతుంది. కాబట్టి గేమ్ పెద్దదా చిన్నదా అని అడిగేముందు ఒక్క ఆటకు ఎంతమంది కావాలో చూడాలి. వంద మంది కావలసిన గేమ్‌కు, ఇద్దరు చాలిన గేమ్ కన్నా యాభై రెట్లు రద్దీ ఉంటేనే ఎదురుచూపు సమానమవుతుంది.

నిజానికి జనం సమానంగా విడిపోరు. ఒకటి రెండు వరుసల్లో కిక్కిరిసి ఉంటారు, మిగతావి ఎండిపోతాయి. ఇది చాలామందికి మేలే. నష్టపోయేది తనకిష్టమైన ఎండిన వరుసలోనే కూర్చుంటానని పట్టుబట్టినవాడు.

ర్యాంకు సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే బాగా ఆడేవాళ్లకు గేమ్ మరీ చిన్నదిగా కనిపించడానికి కారణం అందులోనే ఉంది. ఈ లెక్కలకు మూలం చదరంగం. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పడ్ ఎలో రూపొందించిన, ఆటగాడి సత్తాను అంకెలో చెప్పే రేటింగ్‌ను అమెరికా చెస్ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. దాని ప్రకారం ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు నూటికి 76 వంతుల ఫలితం రాబట్టాలి. 400 తేడా ఉంటే పైవాడికి పది వంతులు, కిందివాడికి ఒక్కటి. అంత తేడాతో ఆడితే గెలిచినవాడికి మజా ఉండదు, ఓడినవాడు రేపు రాడు. అందుకే జతకూర్చే ప్రోగ్రాం మొదట దగ్గరి రేటింగ్‌వాళ్లనే వెతుకుతుంది, ఎవరూ దొరక్కపోతే కొన్ని సెకన్లకోసారి ఆ హద్దును అటూ ఇటూ పెంచుకుంటూ పోతుంది. స్క్రీన్ మీద సమయం పెరుగుతున్న కొద్దీ లోపల జరుగుతున్నది ఇదే. చాలాసేపటికి దొరికిన మ్యాచ్ తరచూ ఒకవైపుకు ఒరిగిపోయేది కూడా అందుకే.

రేటింగులు సుమారుగా గంట ఆకారంలో పరుచుకుంటాయి: మధ్యలో ఎత్తు, రెండు చివర్లా పల్చన. సగటు 1500, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నారో చెప్పే కొలత) 200 అనుకుందాం. 1400కు 1600కు మధ్య నూటికి 38 మంది ఉంటారు. మన లక్షలో 38,000 మంది, ఏ క్షణానైనా దాదాపు 1,600 మంది. 2100 దాటినవాళ్లు వెయ్యికి ఒకరి కన్నా కొంచెం ఎక్కువ. లక్షలో 135 మంది. ఏ క్షణానైనా ఐదారుగురు. గేమ్ ఏమీ మారలేదు, ఆ ఆటగాడు మెట్లెక్కాడు, అంతే. రెండేళ్ల కింద కొత్త మొహాలతో నిండి ఉన్న గేమ్ ఇప్పుడు పది పేర్ల గూడెం అయిపోయిందంటాడు. ఆయన అబద్ధమేమీ చెప్పడం లేదు, నిలబడ్డ మెట్టు అలాంటిది.

దూరం ఇంకో గోడ. ఇంటర్నెట్‌ను మోసే గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 1,000 కిలోమీటర్లకూ పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. పాలమూరు నుంచి సింగపూర్‌లోని సర్వర్, అంటే గేమ్ నడిపే కంప్యూటర్, 3,000 కిలోమీటర్ల పైమాటే కాబట్టి తీగ తిన్నగా వేసినా 30 మిల్లీసెకన్లకు తక్కువ పింగ్ (సందేశం పోయి రావడానికి పట్టే సమయం) రాదు. తీగ తిన్నగా పోదు. దారిలో రౌటర్లు, మొబైల్ టవర్ తమ వంతు కలుపుతాయి. సెకనుకు 60 చిత్రాలు చూపే ఫోన్‌లో 100 మిల్లీసెకన్లంటే ఆరు చిత్రాల ఆలస్యం. తుపాకీ పేల్చే గేమ్‌లో అది చావుబతుకుల తేడా. అందుకే ప్రపంచమంతా ఆడే గేమ్‌ను కూడా ప్రాంతాలవారీగా కోస్తారు. అవతలి ఖండంలో రాత్రి తొమ్మిదై వేల మంది ఆడుతున్నా మన మధ్యాహ్నానికి వాళ్లు పనికిరారు. కొన్నిసార్లు గోడ కట్టేది ప్రభుత్వం. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్ మీద నిషేధం వచ్చింది, 2021 జూలై 2న బీజీఎంఐ పేరుతో భారత్ ఆటగాళ్ల కోసమే వేరే గేమ్ వచ్చింది. విదేశీ దోస్తులతో జట్టుకట్టినవాళ్లకు ఆ గుంపు తెగిపోయింది.

ఇంతవరకూ చెప్పింది గేమ్ నిజంగానే ముక్కలై చిన్నదయ్యే సంగతి. ముక్కలు కాకపోయినా చిన్నదనిపించే సంగతి ఇంకొకటుంది. రోజుకు ఆరు గంటలు ఆడేవాళ్లు వెయ్యి మంది, గంట ఆడేవాళ్లు ఆరు వేల మంది ఉన్నారనుకోండి. ఇద్దరి మొత్తం గంటలూ సమానం, ఆరేసి వేలు. కాబట్టి మీరు ఏ వేళలో వెళ్లినా ఎదురయ్యేవాళ్లలో సగం ఆ వెయ్యి మందిలోంచే వస్తారు. జనంలో వాళ్లు ఏడింట ఒక్కరే, కంటికి మాత్రం సగం. అవే పేర్లు, అవే డ్రెస్సులు పదే పదే తగులుతాయి, గంట ఆడి పోయే ఆరు వేల మంది పేర్లు గుర్తే ఉండవు. పైగా చాలామంది మైక్ ఆపేసుకుని ఆడతారు. తెలుగు మాట వినాలనుకునేవాడికి ఆ నిశ్శబ్దం ఖాళీ ఇల్లులా తోస్తుంది.

మీ వేళలో, మీ ర్యాంకులో నిజంగా ఎంతమంది ఉన్నారో ఇంట్లో కూర్చునే అంచనా కట్టవచ్చు. ఉపాయం చేపలది. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రంలో ఎన్ని చేపలున్నాయో నీళ్లు తోడకుండా తెలియాలంటే, వల వేసి 200 బొచ్చెలు పట్టి, రెక్క చివర చిన్న ముక్క కత్తిరించి గుర్తుపెట్టి వదిలేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ 200 పడతారు. అందులో గుర్తున్నవి 10 ఉంటే, 200ను 200తో గుణించి 10తో భాగించాలి: 4,000. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 19వ శతాబ్దం చివర్లో ఈ దారి పట్టాడు. 1930లో లింకన్ అమెరికాలో బాతులకు ఇదే వాడాడు.

గేమ్‌లో వల వేయడం తేలిక. ఐదుగురికి ఐదుగురు ఆడే గేమ్ అయితే సోమవారం రాత్రి తొమ్మిది నుంచి ఆరు మ్యాచులు ఆడండి. ప్రతి మ్యాచ్ చివర ఫలితాల పట్టిక స్క్రీన్‌షాట్ తీయండి. మీరు కాక తొమ్మిది పేర్లు, ఆరు మ్యాచులకు 54. రెండుసార్లు వచ్చినవి, మీ జట్టు దోస్తులవి కొట్టేస్తే 50 మిగిలాయనుకుందాం. మంగళవారం అదే వేళకు, అదే మోడ్‌లో (ఆట పద్ధతిలో) మరో 50. రెండు జాబితాల్లోనూ ఉన్నవి ఐదు. 50ని 50తో గుణించి ఐదుతో భాగిస్తే 500. ఉమ్మడి పేర్లు తక్కువైనప్పుడు ఈ అంకె కొంచెం పెద్దదిగా వస్తుంది. అందుకని జాబితాలకూ ఉమ్మడి సంఖ్యకూ ఒకటేసి కలిపి లెక్కకట్టి, చివర ఒకటి తీసేయాలి: 51ని 51తో గుణించి ఆరుతో భాగిస్తే 433, ఒకటి పోను 432. ఉమ్మడివి అసలే లేకపోతే సంతోషించండి, మీ చెరువు పెద్దదే.

ఈ లెక్క తప్పే చోట్లున్నాయి. పేరు మార్చుకున్నవాడు కొత్త చేపలా లెక్కకొస్తాడు, అంకె పెరుగుతుంది. నలుగురు దోస్తులు ఎప్పుడూ కలిసే వస్తే నాలుగు పేర్లు ఒక్క పేరు కిందే లెక్క, అంచనా అటూ ఇటూ ఊగుతుంది. బాట్ల పేర్లు కలిస్తే మొత్తం పాడవుతుంది. వీటన్నిటికన్నా పెద్ద తప్పు ఆరు గంటల వీరులది. పైన చెప్పిన 7,000 మంది గుంపులో ఈ పద్ధతితో కొలిస్తే వచ్చేది దాదాపు 3,400, సగానికి సగం. ఎక్కువసేపు ఉండేవాళ్లు రెండు వలల్లోనూ పడతారు కదా. కాబట్టి వచ్చిన అంకెను కనీస సంఖ్యగా తీసుకోండి, అసలుది సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

గేమ్ నడిపేవాళ్లు చేసే ఒక తప్పు చూస్తే బాధ కలుగుతుంది. జనం తగ్గుతుంటే ఆకర్షణగా కొత్త మోడ్ పెడతారు. వరుసలు 24 నుంచి 30 అవుతాయి, ఒక్కోదానిలో జనం ఇంకా పల్చబడతారు, ఎదురుచూపు పెరుగుతుంది, ఓపిక లేనివాళ్లు పోతారు, పోయినకొద్దీ మిగిలినవాళ్ల ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. చేయవలసింది సరిగ్గా దీనికి తలకిందులు: మ్యాపులు రోజుకు ఒకటి చొప్పున మార్చడం, ఒంటరి, ఇద్దరి వరుసలు కలిపేయడం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే గేమ్ 2013లో పల్చబడ్డ సర్వర్లను ఒకదానితో ఒకటి కలపడం మొదలుపెట్టింది. ఈవ్ ఆన్‌లైన్ అనే ఇంకో గేమ్ 2003 నుంచీ చైనా తప్ప ప్రపంచమంతటినీ ఒకే సర్వర్ లోకంలో ఆడిస్తోంది. వేల మంది ఒకచోట యుద్ధానికి దిగితే గేమ్‌లో కాలాన్నే పదో వంతు దాకా నెమ్మది చేస్తుంది తప్ప జనాన్ని విడదీయదు.

మన చేతిలో ఉన్నది అంగడి పెట్టడం. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి, గద్వాలల్లో ఒకే గేమ్ ఆడే దోస్తులు 40 మంది ఉన్నారనుకోండి. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా ఎవరికి వీలైన గంట వాళ్లు ఆడితే, ఏ క్షణానైనా సగటున ఐదుగురే ఆన్‌లైన్‌లో ఉంటారు. పది మంది కావలసిన మ్యాచ్‌కు పది మంది ఒకేసారి తగిలే అవకాశం నూటికి రెండే. అదే బుధవారం, శనివారం రాత్రి తొమ్మిది నుంచి పది అని గట్టిగా పెట్టుకుని సగం మంది వచ్చినా 20 మంది, రెండు నిండు మ్యాచులు. గేమ్‌లో కస్టమ్ రూమ్, అంటే పిలిచినవాళ్లే ఆడే గది, ఉంటే (కొన్నిటికి రూమ్ కార్డు కావాలి) 8:50కే తెరిచి పాస్‌వర్డ్ పంపండి. రూమ్ లేని గేమ్‌లోనైతే అందరూ ఒకే మోడ్ ఎంచుకుని, మ్యాపులన్నిటికీ టిక్ పెట్టి, సర్వర్‌ను దగ్గరి దానికి మార్చుకుని ఒకేసారి నొక్కాలి. జట్టులో ఒకడి ర్యాంకు మరీ పైన ఉంటే చాలా గేములు వాడికి తగ్గ ప్రత్యర్థుల కోసం వెతుకుతాయి, అక్కడ మళ్లీ ఆలస్యం. ర్యాంకులు దగ్గరగా ఉన్నవాళ్లను ఒక జట్టు చేయండి.

మొదటి రెండు వారాలు ఆరుగురే వస్తారు. అప్పుడు "తొమ్మిది కుదరట్లేదు, పదికి మారుద్దాం" అనే మాట లేస్తుంది. మార్చితే తొమ్మిదికి అలవాటైన ఆరుగురూ పోతారు. వేళ మార్చకుండా, ఆ ఆరుగురితో ముగ్గురికి ముగ్గురు ఆడించండి. వరుసగా మూడు వారాలు 30 మంది దాటితే అప్పుడు రెండో వేళ గురించి ఆలోచించవచ్చు.