నెట్‌లో ఉంది కదా మాస్టారూ! సరిహద్దు పిల్లల చదువులో కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని పర్లాకిమిడిలో సాయంత్రాలు పోటీ పరీక్షల పిల్లలకు పౌరశాస్త్రం, చరిత్ర, భూగోళం, జనరల్ సైన్స్ చెబుతాను. మా గదికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. ఒడిశా పరీక్షలు రాసేవాళ్లూ, పాతపట్నం వైపు నుంచి బండి మీద వచ్చి ఆంధ్రా పరీక్షలకు చదివేవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. లైబ్రరీలో దొరకని పుస్తకం ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతోంది. దానికి నాకు నిజంగా సంతోషం. కానీ ఆ ఫోన్‌లో చూసినదాన్ని ఎలా నమ్మాలో ఎవరూ చెప్పడం లేదు. ఏళ్ల తరబడి ఈ పిల్లల నోట వింటున్న మాటలనే ఇక్కడ అపోహలుగా రాస్తున్నాను.

అపోహ: సెర్చ్‌లో పైన వచ్చిందే సరైన జవాబు.

కిందటేడు గుణుపురం నుంచి వచ్చే ఒకమ్మాయి రెండు ప్రింటవుట్లు తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరం మహేంద్రగిరి, 1501 మీటర్లు అని ఉంది. రెండోదాంట్లో ఒడిశాలో ఎత్తయిన శిఖరం దేవమాలి, 1672 మీటర్లు అని ఉంది. "ఏటి మాస్టారూ, ఏది రాయమంటారు?" అంది.

"దేవమాలి ఎక్కడుందమ్మా?" అని అడిగాను.

"కోరాపుట్‌లో."

"కోరాపుట్ కొండలు ఏ కనుమల్లోవి?"

ఆ పిల్ల ఒకసారి ఈ కాగితం, ఒకసారి ఆ కాగితం చూసింది. పెన్సిలు తీసి 1672 లోంచి 1501 తీసేసి, అంచున 171 అని రాసుకుంది. "అయితే మహేంద్రగిరి ఎలగవుతాది మాస్టారూ?" అంది. ఆ రోజుకి నాకు అది చాలు.

వాస్తవం ఏమిటంటే, మహేంద్రగిరే అన్నిటికన్నా ఎత్తని ఎన్సీఈఆర్టీ తొమ్మిదో తరగతి భూగోళ పుస్తకంలో ఏళ్ల తరబడి ఉంది. అక్కడి నుంచి గైడ్లలోకి, గైడ్ల నుంచి క్విజ్ సైట్లలోకి అదే వాక్యం పాకింది. ఒకే వాక్యాన్ని వంద సైట్లు ఎత్తి రాసుకుంటే వంద సాక్ష్యాలు దొరికినట్టు కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జిందగడను 1690 మీటర్లతో దేవమాలికన్నా పైన చూపించే పట్టికలు ఇప్పుడు ఎక్కువ కనబడుతున్నాయి. సెర్చ్ పైన ఏఐ అల్లి చూపించే నాలుగు వాక్యాలు కూడా ఇలాంటి పేజీల నుంచే వస్తాయి. వాటి కింద లింకు ఉంటే నొక్కి చూడండి. లేకపోతే ఆ వాక్యాన్ని నోట్సులోకి ఎక్కించకండి. పరీక్షలో మాత్రం ముందు ఆప్షన్లన్నీ చదవండి. ఈ మూడు శిఖరాల్లో మహేంద్రగిరి ఒక్కటే ఉంటే ప్రశ్న పాత పుస్తకంలోంచి వచ్చిందని అర్థం.

అపోహ: ఊరి పేరు కొడితే ఆ ఊరే వస్తుంది.

మా వైపు పిల్లలను అన్నిటికన్నా ఎక్కువ ముంచుతున్నది ఇదే. రాయగడ అని కొట్టండి, రాయగడ జిల్లా వస్తుంది. మా గజపతి జిల్లాలో రాయగడ అనే బ్లాకు ఉంది, మహేంద్రగిరి ఉన్నది అందులోనే. ఈ రెండూ కలిసిపోయి, మహేంద్రగిరి రాయగడ జిల్లాలో ఉందని రాసిన జవాబులు నేను ఎన్నోసార్లు దిద్దాను. ఉదయగిరి సంగతి మరీ కష్టం. ఆర్. ఉదయగిరి మా జిల్లాది, జి. ఉదయగిరి కంధమాల్‌ది, గుహల ఉదయగిరి భువనేశ్వర్ దగ్గర ఉంది, కోట ఉన్న ఉదయగిరి నెల్లూరు జిల్లాది. పేరు పక్కన జిల్లా, బ్లాకు కూడా కొట్టి వెతకడం అలవాటు చేసుకోవాలి.

అక్షరాల ఇబ్బంది ఇంకొకటి. మనం పర్లాకిమిడి అంటాం. ఒడియా పేజీల్లో పారళాఖెముండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఇంగ్లీషు కాగితాల్లో పర్లాకిమెడి. మొదటి రెండు రకాలుగానే వెతికితే 1936కు ముందటి రికార్డుల్లో చాలావరకు కంటికి కనిపించనే కనిపించవు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, ఆ భాష మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. లైబ్రరీ క్యాటలాగుల్లో ఆయన పేరు జి. వి. రామమూర్తి అని ఉంటుంది. గిడుగు అని కొట్టి, ఏమీ లేదని ఒక కుర్రాడు మూసేయబోతుంటే ఆపాను. ఇంటిపేరును పొడి అక్షరంగా మార్చి కొట్టగానే పుస్తకం వచ్చింది. ఈ ఊరి పిల్లలు ఆ పుస్తకం చూడకుండా పెద్దవాళ్లయిపోకూడదని నా పట్టుదల.

అపోహ: ప్రభుత్వ సైట్‌లో ఉంటే అది తాజాదే.

అసలుదే కావచ్చు, తాజాది కాకపోవచ్చు. ఈ తేడా పిల్లలకు చెప్పి తీరాలి.

ఆదివాసీ ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం అయిదో షెడ్యూల్ పాఠం చెప్పిన రోజు, మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం ఎంతో చూసుకురమ్మన్నాను. ఒక కుర్రాడు 1977 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పీడీఎఫ్ తెరిచి గజపతి అని వెతికాడు. ఒక్క ఫలితమూ లేదు. మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదని రాసేశాడు. ఇద్దరం కలిసి మళ్లీ చదివాం. ఆర్. ఉదయగిరి తహసీలు, పర్లాకిమిడి తహసీలులోని గుమ్మ, రాయగడ బ్లాకులు అని స్పష్టంగా ఉంది. జిల్లా పేరు మాత్రం గంజాం. గజపతి జిల్లా పుట్టింది 1992 అక్టోబరు 2న. 1977 కాగితంలో ఆ పేరు ఎలా ఉంటుంది? పైగా ఆ ఉత్తర్వులో రాష్ట్రం పేరు ఒరిస్సా. ఒడిశా అయింది 2011లో. పాత కాగితం తెరిచేముందు, ఆ ఏడాదికి మన ఊరు ఏ జిల్లాలో, ఏ పేరుతో ఉందో ముందు తెలుసుకోవాలి.

చట్టాల దగ్గర ఈ పొరపాటు ఇంకా ఖరీదైనది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్యకు శిక్ష చెప్పే సెక్షను 302 కాదు, 103. అయినా 302 అని చెప్పే పేజీలు నెట్‌లో కుప్పలు. ఆస్తి హక్కు సంగతీ అంతే. 1978 నాటి 44వ సవరణతో అది ప్రాథమిక హక్కుల్లోంచి పోయి 300ఎ అధికరణకు వెళ్లింది. ఏడు ప్రాథమిక హక్కులని చెప్పే నోట్సు ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతోంది. చట్టం కావాలంటే ఇండియా కోడ్, రాజ్యాంగం కావాలంటే కేంద్ర న్యాయశాఖ శాసన విభాగం సైట్. పీడీఎఫ్ మొదటి పేజీల్లో ఏ సవరణ వరకూ కలిపారో ఉంటుంది. ముందు అది చదివాకే లోపలికి వెళ్లండి.

అపోహ: చరిత్రలో ఒక ప్రశ్నకు ఒకటే జవాబు.

ఒడిశా మొదటి ముఖ్యమంత్రి ఎవరు? ఒక సైట్ మా మహారాజా కృష్ణచంద్ర గజపతి అంటుంది, ఇంకొకటి విశ్వనాథ దాస్, మరొకటి హరేకృష్ణ మహతాబ్. పిల్లలు ముగ్గురిలో ఇద్దరు తప్పనుకుని ఎవరిదో ఒకరి పేరు కొట్టేస్తారు. అసలు తిరకాసు ప్రశ్నలోనే ఉంది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ప్రావిన్సు ప్రభుత్వాధిపతిని ప్రధానమంత్రి అనేవారు. 1937 ఏప్రిల్‌లో ఆ పదవి మొదట చేపట్టింది కృష్ణచంద్ర గజపతి. జులైలో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చి విశ్వనాథ దాస్ ఆ కుర్చీలో కూర్చున్నారు. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాటికి ముఖ్యమంత్రిగా ఉన్నది మహతాబ్. ప్రశ్నలో ప్రధానమంత్రి అని ఉందా, కాంగ్రెస్ ప్రభుత్వం అని ఉందా, స్వాతంత్ర్యం తర్వాత అని ఉందా అన్నది వేలు పెట్టి చూసుకోవాలి.

ఇంకో మాట. ఒడిశా ప్రావిన్సు ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 గురించి ఒడియా పేజీల్లో చదివితే అది పండుగ, ఉత్కళ దివస్. అదే రోజు గురించి తెలుగులో చదివితే పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలై, కొంత మద్రాసులో ఉండిపోయిన కథ. రెండూ నిజమే. రెండు భాషలూ చదవగలిగిన మన పిల్లలకు ఇది పెద్ద ఆస్తి. అందుకే ఒక్క భాషలో వెతికి ఊరుకుంటే నాకు బాధేస్తుంది.

అపోహ: వికీపీడియా ముట్టుకోకూడదు.

ముట్టుకోవచ్చు, అక్కడే ఆగిపోకూడదు. వాక్యం చివర చిన్న అంకె ఉంటుంది, దాన్ని నొక్కితే మూలం దగ్గరికి తీసుకెళ్తుంది. అంకె లేని వాక్యాన్ని నేను లెక్కలోకి తీసుకోను. చరిత్ర ట్యాబ్ తెరిస్తే ఎప్పుడు, ఏం మార్చారో కనబడుతుంది.

అపోహ: తెలుగులో ఏమీ లేదు.

ఉంది, ఒకచోట లేదు. రాజ్యాంగం తెలుగులో ఉచితంగా దొరుకుతుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది, పాత పుస్తకాలకు వికీసోర్స్ ఉంది, ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో భాషను బట్టి వడపోసుకోవచ్చు. నా మట్టుకు నాకు ఎక్కువ పనికొచ్చింది ఆంధ్రా ప్రభుత్వ ద్విభాషా పాఠ్యపుస్తకాలు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఒడియా మీడియంలో చదివి, తెలుగు చదవగలిగి, ఇంగ్లీషులో పరీక్ష రాసే పిల్లకి అంతకన్నా మంచి పుస్తకం లేదు. బాష్పోత్సేకం అని బట్టీ పట్టే బదులు ఎదురు పేజీ చూసి ట్రాన్స్‌పిరేషన్ అని గుర్తుపట్టేస్తుంది.

అపోహ: సైన్సు అంకెలు మారవు.

శని గ్రహానికి 82 ఉపగ్రహాలని పాత నోట్సు. 2023లో 145 దాటాయి, 2025 మార్చిలో 274కి చేరాయి. కిలోగ్రాము నిర్వచనమే 2019 మే 20న మారింది. అంకె రాసుకున్న ప్రతిసారీ పక్కన ఏడాది కూడా రాసుకోండి.

అపోహ: నెట్ సరిగా లేని ఊళ్లో ఇవన్నీ కుదరవు.

గుమ్మ కొండల మీద నుంచి వచ్చే పిల్లలు ఈ మాట అంటే కొట్టిపారేయను, సిగ్నల్ కోసం వాళ్లు గట్టెక్కి నిలబడటం నాకు తెలుసు. కానీ ఎన్సీఈఆర్టీ పుస్తకాలు అధ్యాయాల వారీగా దిగుతాయి, ఒక్కో అధ్యాయం చిన్న ఫైలు. మా గదిలో శనివారం సాయంత్రం వైఫై తెరిచి ఉంచుతాను. వారానికి సరిపడా దించుకుని, ఫైలు పేరులోనే సైట్ పేరు, దించిన తేదీ రాసుకోమంటాను. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు తమ ద్విభాషా పుస్తకాలు పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, మావాళ్లు ఒడిశా జిల్లాల గెజిటీర్లు (జిల్లా వివరాల ప్రభుత్వ పుస్తకాలు) ఇస్తారు. రాత్రి ఏడున్నరకి గది మూస్తాను. ఆ లోపల ఎవరు వచ్చినా కుర్చీ ఉంటుంది.