యూటీఆర్ ఇచ్చారు సరే, డబ్బులేవి?

విజయనగరం జిల్లాలో బొబ్బిలి వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ ఓనర్ల గొడవ మళ్లీ మొదలైంది. ఫ్యాక్టరీ పేరు రాయను, ఇలాంటివి ఇంకో నాలుగు చోట్ల జరుగుతున్నాయి కాబట్టి ఒక్కరినే పట్టుకోవడం న్యాయం కాదు. కిందటేడు ఇదే గొడవ వస్తే ఏదో సర్ది చెప్పి పంపేశారు. ఈసారి 14 మంది కిరాయి బిల్లులు. ఆఫీసు వాళ్లు కాగితం చూపిస్తున్నారు, ఇదిగో యూటీఆర్ నంబరు (డబ్బు పంపినప్పుడు బ్యాంకు వేసే నంబరు), ఫలానా తేదీన పంపేశాం, మా పుస్తకంలో బిల్లు క్లోజ్ అని. "యూటీఆర్ ఏటి బాబూ, నాకు డబ్బులు పడనేదు" అంటున్నాడు అవతలాయన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అందుకే తెగడం లేదు.

ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకి కంప్యూటర్‌లోనే డబ్బు పంపే పద్ధతులు, 2004లో ఆర్టీజీఎస్, 2005లో నెఫ్ట్ వచ్చాయి, క్యాషియర్ కిటికీ దగ్గర చెక్కు కోసం నిలబడటం తగ్గింది, ఇదంతా అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నా లెక్కలో ఈ గొడవ పుట్టిన తేదీ 2010 అక్టోబర్ 14. ఆ రోజు రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాని సారాంశం ఇది: డబ్బు అందుకునే బ్యాంకు ఖాతా నంబరు చూసి జమ చేయొచ్చు, పేరు సరిపోయిందో లేదో చూడక్కర్లేదు. పంపేవాడు పేరు రాయాలి, ఆ పేరు మెసేజ్‌లో ప్రయాణం చేస్తుంది, కానీ జమ వేయడానికి నంబరే ఆధారం. కవరు మీద పేరు రాయించుకుని, పోస్ట్‌మ్యాన్‌కి మాత్రం డోర్ నంబరు చూసి వేసేయమని చెప్పినట్టు.

అలా ఎందుకు చేశారో అర్థం చేసుకోవడానికి ముంబై దాకా వెళ్లక్కర్లేదు, మన ఊరి ఓటరు లిస్టు చాలు. పైడితల్లి అనే పేరు తీసుకోండి. ఇంగ్లీషులో 'పై'కి పి, ఏ, ఐ అని రాసేవాళ్లున్నారు, పి, వై అని రాసేవాళ్లున్నారు, 'త' దగ్గర హెచ్ పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు. అప్పలనాయుడు ఒక ముక్కా రెండు ముక్కలా? ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా ఒక్క అక్షరమేనా? పాస్‌బుక్కులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, లారీ ఆర్‌సీలో ఇంకొకటి, మనిషి మాత్రం ఒక్కడే. కంప్యూటర్ దగ్గర ఈ పేర్లు కలవక, ప్రతి దానికీ ఒక గుమాస్తా కూర్చుని 'ఇతనే అతను' అని ఒప్పుకోవాల్సి వచ్చేది, అందువల్ల జమ ఆలస్యమయ్యేది. మనిషి చెయ్యి పడకుండా డబ్బు ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలంటే పేరును పక్కన పెట్టక తప్పదని అనుకున్నారు. ఆ అవసరం నిజమే, కాదనను.

అదే సర్క్యులర్‌లో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ గేటు దగ్గర చదివి వినిపించడం లేదు. సరైన ఖాతా నంబరు ఇచ్చే బాధ్యత పంపేవాడిది. అంటే ఇక్కడ కంపెనీది. లారీ ఓనరు ఫారం నింపి ఇచ్చాడు, అది కంపెనీ దగ్గర ఉంది. ఆ ఫారం నుంచి బ్యాంకుకి వెళ్లే ఫైల్లోకి నంబరును చేర్చినవాళ్లు కంపెనీ వాళ్లు. 14 మందిలో కొందరి దగ్గర ఆ ఫారం జిరాక్సులు ఉన్నాయి, వాటిలో నంబర్లు సరిగ్గానే ఉన్నాయి.

ఫైలు అంటే ఏమిటో కాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే జరుగుతుంది. ఒక్కొక్క పార్టీకి, అంటే డబ్బు అందాల్సినవాళ్లకి, విడిగా ఎవరూ పంపరు. వారానికోసారి వందల లైన్ల ఫైలు తయారవుతుంది, ఇక్కడ ఒకరు తయారుచేస్తారు (మేకర్), హైదరాబాద్‌లోనో కోల్‌కతాలోనో హెడ్డాఫీసులో ఇంకొకరు ఓకే చేస్తారు (చెకర్), ఆ ఫైలు కంపెనీ సర్వర్ నుంచి నేరుగా బ్యాంకు సర్వర్‌కి పోతుంది. హోస్ట్ టు హోస్ట్ అంటారు. పెద్ద కంపెనీలైతే సాఫ్ట్‌వేర్ దానంతటదే ఫైలు కడుతుంది. మన వైపు చాలా చోట్ల మధ్యలో ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది.

నేను కొన్నేళ్లు ఒక మిల్లు అకౌంట్స్‌లో పనిచేశాను. ఒక శనివారం మా కుర్రాడు పార్టీల పేర్లను అక్షర క్రమంలో పెడదామని సార్ట్ నొక్కాడు. షీటులో ఎడమ వైపు పేరు, బిల్లు, మొత్తం. కుడి వైపు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు బ్రాంచి కోడ్). మధ్యలో చూడటానికి బాగుంటుందని ఎవరో ఎప్పుడో వదిలిన ఖాళీ కాలమ్. ఎక్సెల్ ఆ ఖాళీ దాకానే సర్దుతుంది, దాని అవతల ఉన్నదాన్ని ముట్టుకోదు. పేర్లు, మొత్తాలు కొత్త వరుసలోకి వెళ్లాయి, ఖాతాలు పాత వరుసలోనే కూర్చున్నాయి. హెడ్డాఫీసులో చెకర్ ఏం చూస్తాడు? లైన్లు ఎన్ని, మొత్తం ఎంత. రెండూ పైసాతో సహా సరిపోయాయి. బ్యాంకు పేరు చూడదు, ఖాతాలన్నీ నిజమైనవే, కాబట్టి ఒక్క లైను కూడా వెనక్కి రాలేదు. దాదాపు ప్రతి పార్టీకీ ఇంకో పార్టీ డబ్బు పడింది. గోనె సంచుల దారం అమ్మినాయనకి స్పేర్ పార్టుల డబ్బు వచ్చింది. ఎక్కువ పడినవాళ్లు ఫోన్ చేయలేదు, తక్కువ పడినవాళ్లు సోమవారం పొద్దున్న 8 గంటలకే గేటు దగ్గరున్నారు.

2010కి ముందున్న పద్ధతి నిక్కచ్చిగా నడిచి ఉంటే ఆ లైన్లు పేర్లు కలవక అవతలి బ్యాంకుల దగ్గరే ఆగిపోయేవి. అందుకే నాకు ఆ తేదీ మీద అంత పట్టు.

ఎక్సెల్ చేసే పాడుపని ఇంకోటుంది. పొడుగు నంబరుని అది మామూలు అంకె అనుకుంటుంది. ముందు సున్నా ఉంటే మింగేస్తుంది, 11 అంకెలు దాటితే మధ్యలో చుక్క, చివర ఈ-ప్లస్ అని కుదించి చూపిస్తుంది, 15 దాటితే ఆ తర్వాతి అంకెను సున్నా చేసేస్తుంది. మన దగ్గర ఒక్కో బ్యాంకుది ఒక్కో పొడవు, స్టేట్ బ్యాంక్‌కి 11, యూనియన్ బ్యాంక్‌కి 15. ఐరోపాలో వాడే ఐబాన్ అనే ఖాతా నంబరు లోపలే రెండు తనిఖీ అంకెలు ఉంటాయి, ఒక అంకె తప్పితే కంప్యూటరే పట్టేస్తుంది. మన ఖాతాలకు దేశమంతటికీ కలిపి అలాంటి ఏర్పాటు లేదు. ఒక అంకె తప్పితే ఆ నంబరు ఎవరిదీ కాకపోవచ్చు, అప్పుడు డబ్బు తిరిగొస్తుంది, అది అదృష్టం. ఇంకొకరిదైతే వాళ్లకి పడుతుంది. వాళ్లు ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీసుకోవడం బ్యాంకుకి కూడా అంత తేలిక కాదు.

యూటీఆర్ సంగతి. నెఫ్ట్ అయితే 16 అక్షరాలు, ఆర్టీజీఎస్ అయితే 22. అది పంపిన బ్యాంకు వేసే నంబరు. బండి బయల్దేరిందనడానికి గుర్తు, సరుకు దిగిందనడానికి కాదు. ఈ తేడా లారీ ఓనర్లకి చెప్పాల్సిన పని లేదు, వేబిల్లు వేరు, సరుకు ముట్టినట్టు సంతకం వేరు అని వాళ్లకి పుట్టుకతో తెలుసు, ఆ సంతకం కాగితం లేకపోతే కిరాయి ఇవ్వరు కూడా. డబ్బు విషయంలో మాత్రం వేబిల్లు చూపించి సంతకం అయిపోయిందంటున్నారు.

నిజానికి దిగినట్టు చెప్పే ఏర్పాటు కూడా ఉంది. నెఫ్ట్ అరగంటకో బ్యాచ్, రోజుకి 48, 2019 డిసెంబర్ 16 నుంచి 24 గంటలూ నడుస్తోంది. బ్యాచ్ సెటిలైన 2 గంటల్లో అవతలి బ్యాంకు జమ వేయాలి, లేదా తిప్పి పంపాలి. జమ పడితే ఎన్10 అనే మెసేజ్ వెనక్కి వస్తుంది. 2013 అక్టోబర్‌లో ఆర్టీజీఎస్ మారిన ఐఎస్ఓ 20022 అనే మెసేజ్‌ల ప్రమాణంలో ఇది ఇంకా వివరంగా ఉంది. కంపెనీ పంపే చెల్లింపు ఫైలుకి ఒక పేరు (పెయిన్ 001), ఏ లైను ఏమైందో చెప్పే జవాబుకి ఒక పేరు (పెయిన్ 002), రోజు చివర స్టేట్‌మెంట్‌కి ఇంకో పేరు (క్యామ్ట్ 053). మొదటిది పంపడం దాకా అందరూ ఆటోమేట్ చేశారు. తిరిగొచ్చేవాటిని చదవడం చాలా చోట్ల చేయలేదు. ఆదివారం రాత్రి తిరిగొచ్చిన డబ్బు కంపెనీ ఖాతాలో ఎవరిదో తెలియని జమగా పడి, సస్పెన్స్ అనే పద్దులో నెలలు కూర్చుంటుంది. బిల్లేమో యూటీఆర్ రాగానే క్లోజ్.

ఈ సస్పెన్స్ పద్దు మన రెండు జిల్లాల్లో ఎప్పుడు ఉబ్బిందో గుర్తుందా? ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీలు మరుసటి ఏడు మార్చి 31 దాకా నడిచి ఆగిపోయాయి. శ్రీకాకుళం, విజయనగరంలో చిన్న పార్టీల్లో ఎంతోమందికి ఖాతా ఆంధ్రా బ్యాంక్‌లోనే. మాస్టర్‌లో (పార్టీల ఖాతా వివరాలన్నీ ఉండే జాబితా) కోడ్ మార్చని కంపెనీల చెల్లింపులు వరసగా తిరిగొచ్చాయి. కోడ్ మార్చడానికి ఆ నెలల్లో హడావుడిగా షీట్లు విప్పి, అతికించి, సర్ది... అప్పుడు చేసిన అతుకుల్లో కొన్ని ఇప్పటికీ మాస్టర్‌లో ఉన్నాయని నా అనుమానం. 2025 మే 1న మన గ్రామీణ వికాస్ బ్యాంక్ కూడా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్‌లో కలిసింది. మళ్లీ షీట్లు విప్పారు.

కంపెనీ వాళ్ల మాట కూడా చెప్పాలి. పార్టీలు వందల్లో, మనుషులు ఇద్దరు. పైగా ఆదాయపన్ను చట్టంలో 43బి(హెచ్) వచ్చాక, ఉద్యం నమోదు ఉన్న చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టక, మార్చి 31 దాటినా బాకీ ఉంటే ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వరు, దాంతో మార్చి చివర్లో ఫైళ్లు తోసేస్తున్నారు, టెన్షన్‌లో తప్పులు జరుగుతాయి, కావాలని ఎవరూ చేయరు అంటున్నారు. నిజమే. అయితే అందులో 'కట్టడం' అంటే ఎవరికి కట్టడం అని ఒక ఓనరు అడిగాడు, దానికి జవాబు రాలేదు.

బ్యాంకు వాళ్లు ఎప్పటిలాగే, మాకు ఇచ్చిన నంబరుకి వేశాం అంటారు. 2010 తర్వాత ఆ మాట అనే హక్కు వాళ్లకుంది. లారీ ఓనరు వెళ్లి అడిగితే, పంపినవాళ్లనే రాయమనండి అంటారు. కాబట్టి ఎంక్వైరీ లెటర్ ఇవ్వాల్సింది కంపెనీయే, అది ఇవ్వడానికి కిందటేడు మూడు వారాలు తీసుకున్నారు.

2024 డిసెంబర్ 30న రిజర్వ్ బ్యాంక్ మళ్లీ పేరు దగ్గరికి వచ్చింది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లో పంపే ముందే ఆ ఖాతా ఎవరిదో పేరు చూసుకునే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోపు పెట్టాలని, దానికి ఛార్జీ తీసుకోకూడదని బ్యాంకులకి చెప్పింది. ఫోన్లో ఇంటద్దె పంపే మనిషికి ఇది బాగా పనికొస్తుంది, పేరు కనిపిస్తుంది, తప్పయితే ఆగుతాడు. 300 లైన్ల ఫైలు ముందు కూర్చుని పేర్లు ఎవరు చూస్తారు? పార్టీని మాస్టర్‌లో చేర్చిన రోజున, నంబరు మార్చిన రోజున ఒక్కసారి చూస్తే చాలు నిజానికి. ఈ ఫ్యాక్టరీలో అది మొదలుపెట్టలేదని లోపలి వాళ్లే చెబుతున్నారు.

ఓనర్లు అడుగుతున్నది ఇప్పుడు ఒక్కటే: మా కిరాయి మాకివ్వండి, తప్పు ఖాతాలోకి పోయింది మీరు రాబట్టుకోండి. ఆఫీసు అంటున్నది: బ్యాంకు నుంచి జవాబు రానివ్వండి. ఆ లోపు 14 మందినీ కొత్త ఫారం నింపి, కాన్సిల్ చేసిన చెక్కు జతచేసి ఇమ్మన్నారు. 9 మంది ఇచ్చారు, మిగతావాళ్లు ఒకసారి ఇచ్చాం కదా అని ఇవ్వలేదు, లోడు ఎత్తబోమని కూడా అంటున్నారు. ఇచ్చినవాళ్లలో ఒకాయన చెక్కు నిన్న తిప్పి పంపారు. దాని మీద ఇంకా ఆంధ్రా బ్యాంక్ అనే ఉందట.